మూడు వారాల పాపకి పాలు చాలడం లేదా? డబ్బా తెరిచే ముందు తూకం వేయించండి

ఈ అమ్మాయి అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది ఒడిశాలోని గుణుపురంలో, అత్తవారింట్లో. పాపకి ఇవాళ్టికి 22 రోజులు. రాయగడలో సిజేరియన్ అయింది. పుట్టినప్పుడు బరువు 2.8 కిలోలు, డిశ్చార్జి రోజున 2.6. ఆ తర్వాత తూకం వేయలేదు. సాయంత్రం అయిదు దాటితే పాప రొమ్ము వదలదు, వదిలిస్తే గుక్కపట్టి ఏడుస్తుంది. మొదటి వారంలో రాయిలా ఉన్న రొమ్ములు ఇప్పుడు మెత్తబడిపోయాయి. అత్తగారు డబ్బా పాలు మొదలుపెట్టమంటున్నారు, పార్వతీపురంలో ఉన్న అమ్మ వద్దంటున్నారు. రెండు నెలల్లో ప్రైవేటు స్కూల్లో ఉద్యోగానికి తిరిగి వెళ్ళాలి. "నాకు పాలు లేవేమో, ఏం చేయమంటారు?" అని అడిగారు.

నేను రాయగడ జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం కాన్పుల వార్డులోనే గడిచింది. ఇద్దరు పిల్లల తల్లిని కూడా. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు జవాబు: ఇవాళ డబ్బా కొనకండి. రేపు పొద్దున పాపని తూకం వేయించండి. మీరు రాసినవాటిలో నన్ను కంగారు పెట్టింది పాప ఏడుపూ కాదు, మెత్తబడిన రొమ్ములూ కాదు. డిశ్చార్జి తర్వాత తూకమే వేయలేదన్న మాట ఒక్కటే. పాలు చాలుతున్నాయో లేదో మీ అత్తగారూ చెప్పలేరు, మీ అమ్మగారూ చెప్పలేరు, ఇక్కడ కూర్చుని నేనూ చెప్పలేను. పాప బరువూ, పాప తడిపిన గుడ్డలూ చెబుతాయి.

లెక్క ఇలా చూడండి. పుట్టిన బిడ్డ మొదటి నాలుగైదు రోజుల్లో కాస్త బరువు తగ్గడం మామూలే. పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గవచ్చు. మీ పాప తగ్గింది 200 గ్రాములు, అంటే ఆ హద్దులోనే ఉంది. పది నుంచి పద్నాలుగు రోజులకల్లా ఆ తగ్గిన బరువు మళ్ళీ రావాలి. అక్కడినుంచి మూడు నెలల వరకూ రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఈ ప్రకారం మీ పాప రేపు 3 కిలోలకి అటూ ఇటూగా తూగాలి. తూగితే మీకు పాలు ఉన్నాయి, చాలుతున్నాయి, ఇక ఎవరి మాటా పట్టించుకోనక్కర్లేదు. 2.8కీ 3కీ మధ్య ఉంటే పాలు పట్టే పద్ధతి సరిచేసుకుని, మూడు రోజుల తర్వాత అదే మిషన్ మీద మళ్ళీ చూడాలి. అప్పటికి అరవై నుంచి తొంభై గ్రాములు పెరిగి ఉండాలి. 2.8 కంటే తక్కువ ఉంటే మాత్రం ఇంటికి రాకుండా అటునుంచి అటే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ పరిస్థితిలో పైపాలు అవసరం కావచ్చు. అప్పుడు పట్టడం తప్పు కాదు. దాని సంగతి కింద రాస్తాను.

తూకం ఎక్కడ వేయించాలంటే, మీ వీధి ఆశా దీదీని అడగండి. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డని ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. తూకం వేసే సాధనం కూడా ఆమె సంచిలో ఉంటుంది. కాకపోతే ఆ వేలాడదీసే స్ప్రింగు త్రాసులో చిన్న తేడాలు పట్టుబడవు. వీలైతే గుణుపురం ప్రభుత్వ ఆసుపత్రిలో పసిపిల్లల డిజిటల్ మిషన్ మీద వేయించండి. పాపకి బట్టలు విప్పి, లంగోటీ కూడా తీసేసి వేయాలి. తడిసిన గుడ్డతో వేస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

ఇంకొక మాట. మీ చేతికిచ్చిన తల్లీబిడ్డల కార్డు ఒడియాలో ఉంటుంది. పార్వతీపురం నుంచో, పాలకొండ నుంచో కోడళ్ళుగా వచ్చిన అమ్మాయిలు ఆ కార్డుని టీకాల తేదీల కోసమే దాచిపెడతారు, లోపల ఏముందో చదవరు. చదవలేరు కూడా. అందులో బరువు గీత ఉంటుంది, చుక్కలు పెట్టే గళ్ళు ఉంటాయి. మీవారికి ఒడియా వస్తే పక్కన కూర్చోబెట్టుకుని పేజీ పేజీ చదివించుకోండి. రేపటి బరువు ఆ గళ్ళలో మీ ఎదురుగానే రాయించండి.

తూకం కుదిరేలోగా ఇంట్లోనే చూసుకోగలిగింది ఒంటికి పోయడం. ఈ వయసులో తల్లిపాలు మాత్రమే తాగే పిల్ల 24 గంటల్లో ఆరుసార్లు, అంతకంటే ఎక్కువే తడపాలి. ఉచ్చ నీళ్ళలా తెల్లగా ఉండాలి. చిక్కగా, పసుపు పచ్చగా, గుడ్డ మీద మరక పడేలా ఉంటే పాలు తక్కువ తాగుతోందని అనుమానించాలి. డైపర్ వేస్తే ఈ లెక్క తెలియదు కాబట్టి ఒక్క రోజు పాత చీర గుడ్డలే వేసి లెక్కపెట్టండి.

ఇక మీ రెండు భయాల సంగతి.

రొమ్ములు మెత్తబడటం గురించి. మొదటి వారంలో బిగుసుకుపోయేది పాలు ఒక్కటే కాదు, రక్తమూ నీరూ కూడా చేరి వాపు వస్తుంది. రెండు మూడు వారాలకి ఒళ్ళు పాప అవసరాన్ని తెలుసుకుని, తాగినంత తయారుచేయడం నేర్చుకుంటుంది. వాపు దిగుతుంది, రొమ్ము మెత్తబడుతుంది. పాలు రోజంతా తయారవుతూనే ఉంటాయి, పాప తాగి రొమ్ము ఖాళీ చేసేకొద్దీ ఇంకా త్వరగా తయారవుతాయి. కుండలో నీళ్ళలా ముందే నింపిపెట్టి ఉండవు. అందుకే పిండి చూసి, పంపు పెట్టి చూసి, "రెండు చెంచాలే వచ్చాయి, నాకు పాలు లేవు" అనుకోకండి. పాప నోటికి వచ్చినన్ని పాలు పంపుకి రావు. భయంతో కూర్చుని పిండితే అసలు రావు, ఎందుకంటే మనసు బిగబట్టుకుని ఉంటే పాలు చేపవు.

సాయంత్రం ఏడుపు గురించి. పుట్టిన రెండు మూడు వారాలకి మొదలై, ఆరు వారాల దగ్గర బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకి తగ్గిపోయే ఏడుపు ఇది. సాయంత్రం వేళ పిల్లలు వెంట వెంటనే, గంటలో రెండు మూడుసార్లు తాగుతారు. తల్లికి ఇది "కడుపు నిండట్లేదు" అన్నట్టే కనిపిస్తుంది. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళకి ఇంకా ఎక్కువ అలా కనిపిస్తుంది. డబ్బా పాలు నూటికి తొంభై ఇళ్ళలో సాయంత్రం పూటే మొదలవుతాయని మా వార్డులో అనుకునేవాళ్ళం. అది మా నర్సుల మాటే, లెక్క కట్టి చెప్పింది కాదు. కానీ అడిగిన ప్రతి తల్లీ ఆ వేళే చెప్పేది.

తర్వాత జరిగేది ఇదీ. సాయంత్రం ఒక సీసా పట్టారు. పాప గాఢంగా నిద్రపోయింది. "చూశావా, ఆకలే" అన్నారు. రాత్రి రొమ్ము పట్టించడం ఒకసారి తగ్గింది. రాత్రిళ్ళు పాలు పట్టినప్పుడే పాలు తయారుచేయించే హార్మోను ఎక్కువ ఊరుతుంది. అది తగ్గింది, పాలూ తగ్గాయి. మర్నాడు రెండు సీసాలయ్యాయి. పది రోజులకి "నిజంగానే పాలు లేవు" అయ్యింది. మొదట లేని కొరత ఇలా వచ్చి కూర్చుంటుంది. జేకేపూర్ మిల్లు క్వార్టర్స్‌లో ఉండే ఒక తెలుగు అమ్మాయి ఇలాగే మూడో వారంలో మొదలుపెట్టి, ఆరో వారం టీకాకి వచ్చినప్పుడు "నాకు ఎండిపోయాయి మేడమ్" అని ఏడ్చింది. పాప బరువు చూస్తే డబ్బా మొదలుపెట్టక ముందు కూడా బాగానే పెరిగి ఉంది. కార్డులో అంకెలు అక్కడే ఉన్నాయి, ఎవరూ చూడలేదు. రోజుకొక సీసా తగ్గిస్తూ, రొమ్ము ఎక్కువసార్లు పట్టిస్తూ, రెండు వారాల్లో మళ్ళీ పూర్తిగా తల్లిపాలకి వచ్చింది. అంటే తగ్గిన పాలు తిరిగి వస్తాయి. పట్టించేకొద్దీ వస్తాయి.

పట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. తూకం తర్వాత అంత ముఖ్యమైంది ఇదే. చనుమొన ఒక్కటే నోట్లో పెడితే పాప ఎంతసేపు చప్పరించినా పాలు రావు, మీకు మాత్రం పుళ్ళు పడతాయి. నేను వార్డులో చేయించేది చెబుతాను. ముందు మీరు వెనక్కి ఆనుకుని సుఖంగా కూర్చోవాలి. వంగి రొమ్ముని పాప దగ్గరికి తీసుకెళ్ళకండి, పాపనే మీ దగ్గరికి తీసుకోండి. పాప పొట్ట మీ పొట్టకి తగలాలి. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండాలి. చనుమొనని పాప ముక్కుకి ఎదురుగా ఉంచి పైపెదవికి తాకించండి, నోట్లో దూర్చకండి. కాసేపు ఆగితే పాప ఆవులించినట్టు నోరు పెద్దగా తెరుస్తుంది. ఆ క్షణంలో వీపు మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కోండి. చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి వెళ్ళాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి మడత పడాలి, బుగ్గలు లోపలికి పోకూడదు.

పట్టు దొరికిందని ఎలా తెలుస్తుందంటే, మొదట గబగబా చప్పరిస్తుంది. ఒక నిమిషంలో పాలు చేపుకొస్తాయి, అప్పుడు చప్పరించడం నెమ్మదిస్తుంది. దవడ కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, "క" అన్నట్టు చిన్న గుటక వినిపిస్తుంది. చెవి ముందు భాగం కదులుతుంది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆ గుటకలు స్పష్టంగా వినిపిస్తాయి. మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టి వినిపించండి. ఎన్ని మాటలు చెప్పినా నమ్మని అత్తగార్లు ఆ చప్పుడు విని "తాగుతోందే" అనడం నేను చాలాసార్లు చూశాను.

మీకు సిజేరియన్ కుట్టు ఉంది కాబట్టి ఒడిలో వేసుకుంటే నొప్పిగా ఉండొచ్చు. పక్కకి తిరిగి పడుకుని పట్టండి, లేదా పాపని మీ చంక కిందుగా, కాళ్ళు వెనక్కి వచ్చేలా, దిండు మీద పడుకోబెట్టి పట్టండి. సిజేరియన్ అయిన తల్లులకి పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావడం మామూలే. మీ పాప డిశ్చార్జికి తగ్గిన బరువులో దాని పాత్ర ఉండొచ్చు. అంతమాత్రాన మీకు పాలు లేవని కాదు.

ఒక రొమ్ము పూర్తిగా తాగాక రెండోది ఇవ్వండి. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రాత్రి కూడా. గడియారం పెట్టుకుని "మూడు గంటలకొకసారి" అని కట్టడి చేయకండి. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. దానికి ముందే పెదాలు చప్పరించడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పడం ఉంటాయి. అప్పుడే అందుకోండి.

మన ఇళ్ళలో పసిపిల్లలకి పట్టేవాటి గురించి కూడా చెప్పాలి. తేనె నాకించడం, వస కొమ్ము అరగదీసి పట్టడం, ఆముదం, గ్రైప్ వాటర్, ఎండాకాలం కదా అని కాచిన నీళ్ళు. ఆరు నెలలు నిండేదాకా ఇవేవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు, అందులో ఉండే ఒక క్రిమి వల్ల పసిపిల్లలకి ప్రాణాపాయం రావచ్చు. మే నెల ఎండలో కూడా తల్లిపాలలోనే కావలసినంత నీరు ఉంటుంది. పెద్దలు ప్రేమతోనే పడతారు, వాళ్ళని తప్పుబట్టాల్సిన పని లేదు. "డాక్టరు గారు కార్డులో రాశారు, వద్దన్నారు" అని చెప్పండి, మాట మీ మీదికి రాదు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం రోజూ వేయండి, అది వేరే.

మీ తిండి గురించి. బాలింతకి నీళ్ళు తాగనివ్వకపోవడం, కారప్పొడి అన్నంతో సరిపెట్టడం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ మామూలుగా తినేదానికంటే రోజుకి సుమారు 600 కేలరీలు ఎక్కువ కావాలి. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూరలు, అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా (వేయించిన ధాన్యాల, పప్పుల పొడి), అన్నీ తినండి. దాహం వేసినప్పుడల్లా నీళ్ళు తాగండి. వెల్లుల్లి, మెంతులు, మునగాకు, సొర చేప పిట్టు, శతావరి పొడి పాలు పడేలా చేస్తాయని మనవాళ్ళ నమ్మకం. తింటే మంచిదే, బలం వస్తుంది. కానీ పాప తాగకుండా వీటివల్ల పాలు పెరగవు. పొడుల డబ్బాలకి వందలు తగలేయకండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలలు వాడాలి, చాలామంది ఇంటికి రాగానే ఆపేస్తారు.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. కొందరికి నిజంగానే పాలు తక్కువ పడతాయి. వాళ్ళు తక్కువమందే, కానీ ఉన్నారు. కాన్పులో రక్తం బాగా పోయినవాళ్ళు, థైరాయిడ్ ఉండి మందు సరిపోనివాళ్ళు, రొమ్ముకి ఆపరేషన్ అయినవాళ్ళు, పుట్టుకతోనే రొమ్ములో పాల గ్రంథులు సరిగ్గా ఎదగనివాళ్ళు. మునిగుడ వైపు నుంచి వచ్చిన ఒకామె, కాన్పులో రెండు సీసాల రక్తం ఎక్కించాల్సి వచ్చింది. పట్టు బాగుంది, రోజుకి పదిసార్లు పట్టిస్తోంది, రాత్రిళ్ళు నిద్ర లేదు, అయినా బిడ్డ బరువు మూడో వారంలో కూడా పుట్టిన బరువుని అందుకోలేదు. డాక్టరుగారు పైపాలు రాశారు. ఆమె ఆ చీటీ చేతిలో పట్టుకుని, ఏదో నేరం చేసినట్టు తల దించుకుని కూర్చుంది. అలాంటి తల్లికి "ఇంకా ప్రయత్నించు" అనడం క్రూరత్వం. ఆమె చేయగలిగిందంతా చేసింది. ముందు రొమ్ము పట్టించి, తర్వాత డాక్టరు చెప్పినన్ని పైపాలు ఉగ్గుగిన్నెతో పట్టేలా నేర్పాం. తొమ్మిదో నెల దాకా తన పాలు కొన్ని, పైపాలు కొన్ని పట్టి పెంచుకుంది. ఆ కొన్ని తల్లిపాలూ వృథా కాదు. ఎంత ఇస్తే అంత మేలే.

మరో అమ్మాయి, చదువుకున్న పిల్ల, రాయగడ టౌనే. పాలు పుష్కలంగా ఉన్నాయి. కానీ కాన్పు తర్వాత మనసు చెదిరింది. బిడ్డ ఏడుపు వింటే ఒళ్ళు వణికేది, రోజుల తరబడి నిద్ర లేదు. మానసిక వైద్యుడు మందు రాసి, రాత్రి నిద్ర తప్పనిసరి అన్నారు. రాత్రి పూట పాలు వాళ్ళాయన పట్టేవాడు, పగలు ఈమె రొమ్ము పట్టించేది. మూడో నెలలో పూర్తిగా ఆపేస్తానంది. ఇంట్లో అందరూ నన్ను "మీరైనా చెప్పండి" అన్నారు. నేను చెప్పలేదు. బిడ్డకి తల్లి కావాలి, ఆ తల్లి నిలబడాలంటే ఏం కావాలో ఆమెకీ డాక్టరుకీ తెలుసు. తల్లిపాలు శ్రేష్ఠమని జీవితమంతా చెప్పినదాన్నే, అయినా అది ఆ అమ్మాయి నిర్ణయం. మీకు కూడా దేనిమీదా ఆశ లేనట్టు, బిడ్డ మీద మనసు పోనట్టు, చచ్చిపోదామన్నట్టు అనిపిస్తే దాచుకోకండి. 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, రాత్రి పగలూ పనిచేస్తుంది.

పైపాలు పట్టవలసి వస్తే పాటించాల్సినవి. డబ్బా మీద రాసిన కొలతే కొలత. చెంచా తలకొట్టి, ఎన్ని నీళ్ళకి ఎన్ని చెంచాలో అచ్చంగా అంతే. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ పోసి పల్చగా కలిపిన పాలు తాగి, బిడ్డ పాలిపోయి వచ్చిన కేసులు మా వార్డులో చాలా ఉండేవి. ఆ తల్లులది అజ్ఞానం కంటే పేదరికం. అయిదు కిలోల బిడ్డ పూర్తిగా డబ్బా పాల మీదే ఉంటే 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులకి అయిపోతుంది. నెలకి ఏడెనిమిది డబ్బాలు. మొదలుపెట్టే ముందే ధరతో హెచ్చవేసి చూసుకోండి.

నీళ్ళు తెర్లేలా కాచి, వేడిగా ఉండగానే పొడి కలిపి, పట్టే ముందు చల్లార్చాలి. మన జిల్లాలో నీళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. 2022 వానాకాలంలో కాశీపూర్ బ్లాకులో కలరా వచ్చి ప్రాణాలే పోయాయి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయండి, పాప ఎంగిలి చేసి మిగిల్చినవి దాచకండి. సీసా వద్దు. దాని మెడలో, రబ్బరు పీకలో పాలు పేరుకుని, ఎంత కడిగినా మురికి పోదు. పైగా సీసా అలవాటైన పిల్ల రొమ్ము దగ్గర కష్టపడదు. మన పాత ఉగ్గుగిన్నె, లేదా చిన్న స్టీలు గ్లాసూ చెంచా చాలు. రోజూ మరిగించడం తేలిక.

ఎవరైనా మందుల షాపులో "ఈ కంపెనీది బాగుంటుంది, శాంపిల్ తీసుకెళ్ళండి" అంటే తీసుకోకండి. 1992 చట్టం, దాని 2003 సవరణ ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత శాంపిళ్ళు పంచకూడదు, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ కూడా వేయకూడదు. అంత గట్టి చట్టం ఊరికే రాలేదు.

ఉద్యోగం గురించి అడిగారు. దీనికి ఇంకా సమయం ఉంది, ఇప్పుడే టెన్షన్ పడకండి. ముందు సెలవు సంగతి కనుక్కోండి. 2017లో మార్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో, కాన్పుకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసిన తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పనివేళల్లో పాలివ్వడానికి రెండుసార్లు విరామం కూడా ఇవ్వాలి. ఇవి ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి. చిన్న ప్రైవేటు స్కూళ్ళు నోటిమాటగా "రెండు నెలలే" అనేస్తాయి. కాగితం మీద రాసి అడగండి, జవాబు కాగితం మీదే తీసుకోండి.

అయినా వెళ్ళక తప్పదనుకుందాం. వెళ్ళడానికి రెండు వారాల ముందు నుంచి చేత్తో పాలు పిండటం అలవాటు చేసుకోండి. పొద్దున మొదటిసారి పాప తాగాక కొంచెం పిండితే తేలికగా వస్తాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి భాగం అంచు దగ్గర పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్ళు దగ్గరికి తేవాలి. చర్మం మీద రుద్దకూడదు, చనుమొనని లాగకూడదు. మరిగించిన స్టీలు గిన్నెలో పట్టి మూత పెట్టండి. గదిలో నాలుగు గంటలు ఉంటాయి, మన ఎండల్లో అంతకన్నా ముందే వాడేయడం మేలు. ఫ్రిజ్‌లో లోపలి అరలో, తలుపు అరలో కాదు, ఒక రోజు ఉంచుకోవచ్చు. కరెంటు ఎక్కువ పోయే ఇంట్లో అంతకు మించి ఉంచకండి. పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి నులివెచ్చగా చేయాలి.

నేను నైట్ డ్యూటీకి వెళ్ళే రోజుల్లో మా చిన్నవాడికి మా అత్తగారే ఉగ్గుగిన్నెతో నా పాలు పట్టేవారు. అప్పట్లో మాకు సెలవు ఇప్పటికంటే బాగా తక్కువ. డ్యూటీ రూములో తలుపు వేసుకుని పిండేదాన్ని, లేకపోతే తెల్లారేసరికి రొమ్ములు బిగిసి జ్వరం వచ్చేది. మీరూ స్కూల్లో ఇంటర్వెల్‌లో ఒకసారి పిండాలి. ఏ గదిలో వీలవుతుందో హెడ్‌మిస్ట్రెస్‌ని ముందే అడిగి పెట్టుకోండి. ఆమె కూడా తల్లే అయితే రెండోసారి అడగనక్కర్లేదు. ఎండాకాలం పొద్దుటి బడి అయితే మీకు ఇంకా సులువు, వెళ్ళే ముందు ఒకసారి, మధ్యాహ్నం రాగానే ఒకసారి రొమ్మే పట్టించవచ్చు.

చనుమొన పగిలితే పట్టు సరిచేసి, చివర వచ్చే పాలచుక్క రాసి ఆరనివ్వండి. రొమ్ములో ఒకచోట ఎర్రబడి, గట్టిపడి, జ్వరం వస్తే పాలు ఆపకండి, ఆపితే ఇంకా ముదురుతుంది. పట్టిస్తూనే ఒక రోజులో తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఇక మన రాయగడ, కోరాపుట్ వైపు జ్వరం అంటే మలేరియా పరీక్ష మరచిపోకూడదు. ఏ మందు రాసినా ముందే "నేను పాలిస్తున్నాను" అని చెప్పండి. పాలిచ్చే తల్లికి సరిపడే మందులు దాదాపు ఎప్పుడూ ఉంటాయి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి: పాప తాగడానికి లేవకుండా మత్తుగా పడి ఉండటం, ఒళ్ళు వేడిగా లేదా చల్లగా అయిపోవడం, అరికాళ్ళ దాకా పచ్చబడటం, మాడు లోపలికి పోవడం, ఒక రోజులో ఆరు కంటే బాగా తక్కువ తడపడం. వీటికి తూకం కోసం కూడా ఎదురుచూడకండి. 102కో 108కో ఫోన్ చేయండి.

చివరిగా మీ ఇంటి సంగతి. మీ అత్తగారు డబ్బా పాలు అన్నది మనవరాలు ఏడుస్తుంటే చూడలేక. మీ అమ్మగారు వద్దన్నదీ ప్రేమతోనే. వాళ్ళిద్దరి మధ్య మీరు నలిగిపోతున్నారు, మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. రేపు తూకానికి అత్తగారిని వెంట తీసుకెళ్ళండి. మిషన్ మీద అంకె ఆవిడ కళ్ళతో ఆవిడే చూడాలి. బరువు బాగుంటే సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా వంటపని ఆవిడా, మీవారూ చూసుకునేలా ఒప్పించండి. ఆ మూడు గంటలూ పాపని రొమ్ముకి ఇచ్చుకుని కూర్చోవడమే మీ పని. మధ్యమధ్యలో మీవారు భుజాన వేసుకుని తేన్పు తెప్పించి తిప్పవచ్చు. మొదటి బిడ్డ కాన్పప్పుడు నాకు ఆ సాయంత్రాల్లో ఎవరైనా ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చిస్తే చాలనిపించేది.

రేపటి బరువు, 24 గంటల్లో ఎన్నిసార్లు తడిపింది, ఈ రెండూ ఇక్కడే కింద రాయండి. రెండు రోజుల్లో చూసి జవాబిస్తాను. బరువు 2.8 దాటకపోతే మాత్రం నా జవాబు కోసం ఆగకండి.